స్విచ్ మా బావ వైపుండేది

మా బావ ఎలక్ట్రీషియన్. ఎంత పెద్ద బంగళాకి వైరింగ్ చేసినా ఆయనకో చాదస్తం. గదిలో ఇద్దరు ఉంటారని తెలిస్తే చాలు, ఒకే లైటుకి అటో స్విచ్, ఇటో స్విచ్ పెడతాడు. ఒకరు ఆర్పితే రెండోవాళ్ళు వెలిగించుకోవచ్చన్నమాట.

"ఎందుకయ్యా దండగ?" అని ఇంటివాళ్ళు విసుక్కుంటే, "స్నానాలగదికి పాలరాయి వేయించారు కదండీ, దానికంటే దండగా?" అంటాడు. అందుకే మా బావకి పనులు తక్కువ, మాటలు ఎక్కువ అని మా అక్క గొణుగుడు.

బావ వాళ్ళ చిన్నప్పటి ఇంట్లో గదులు రెండు, బల్బు ఒకటి. మధ్యగోడలో ఒక ఇటుక పీకేసి ఆ కంతలో బల్బు పెట్టారు. సగం వెలుగు ముందుగదికి, సగం వంటగదికి. వంటగదిలో గిన్నెల మధ్య కూర్చుని వాళ్ళక్క పదో తరగతి పుస్తకాలు చదివేది. ముందుగదిలో బావ, వాళ్ళమ్మ. స్విచ్ బావ తలాపున.

వెలుగుంటే ఈయనగారికి నిద్రపట్టదు. టక్కున ఆర్పేసేవాడు.

"ఒరేయ్, ఇంకొక్క పేజీరా!"

"అమ్మ ఆపమంది."

పదిళ్ళ బట్టలుతికొచ్చిన వాళ్ళమ్మ అప్పటికే గుర్రుపెట్టేది. పాపం, ఆపమన్నదీ లేదు, ఆర్పాడని తెలిసిందీ లేదు.

వాళ్ళక్క పరీక్ష తప్పింది. చొక్కాలకి గుండీలు కుట్టే పనిలో చేరింది. తల్లితో అవసరానికి మించి మాట్లాడేది కాదు. కూతురికి ఎందుకంత కోపమో తెలియకుండానే ఆవిడ కన్నుమూసింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే నోరు మూసుకునేవాణ్ణేమో. నమ్మకంగా చెప్పలేను.

పోయినేడు బావ సొంతిల్లు కట్టాడు. హాల్లో ఇరవై ఏడు లైట్లు. పనిలేక నేనే లెక్కపెట్టాను. రిమోట్ నొక్కితే రంగులు మారతాయి. చూడ్డానికి వాళ్ళక్క వచ్చింది. ఆవిడ నాకు వదిన వరస. బావ చెయ్యిపట్టుకుని అన్నీ చూపించాడు. ఆవిడ నా చేతిలో రిమోట్ లాక్కుని, ఏ బొత్తామో అడిగి తెలుసుకుని, ఒక్కటి తప్ప అన్నీ ఆర్పేసి నాకిచ్చేసింది.

"ఇన్నెందుకురా, కళ్ళు జిగేల్మంటున్నాయి. ఆ రోజుల్లో ఇందులో ఒక్కటి నా నెత్తిమీదుంటే ఈ గుండీల బతుకు తప్పేది. ఏం చేస్తాం, నా చదువంటే అమ్మకి గిట్టలేదు."

బావ ఆవిడ దగ్గరికి జరిగాడు. "అక్కా... అదీ... అమ్మ కాదక్కా..."

నా చేతికి దురద. బొత్తాం నొక్కాను. గది మొత్తం ఆకుపచ్చ.

"వదినా, మీ తమ్ముణ్ణి చూడండి! గోడమీద బల్లిలా లేడూ?"

ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "నీ బామ్మర్ది ఉంటే సినిమాకి పోనక్కర్లేదురా!" అంటూనే బస్సుకి వేళయిందని లేచింది.

ఆవిణ్ణి ఎక్కించి వచ్చాక, మెట్లమీద కూర్చుని బావ మొత్తం చెప్పాడు.

"ముప్ఫైయేళ్ళకి నోరు పెగిలిందిరా బామ్మర్దీ."

"ఫోన్ చేసి చెప్పెయ్యి బావా."

"అమ్మ మీద వేసిన నింద ఫోన్‌లో దులుపుకోమంటావా? మళ్ళీ వస్తుందిగా, చెప్తాలే."

రాలేదు. పిలిచినప్పుడల్లా, "మీ ఇంటి లైట్లకి తలనొప్పిరా" అంటుందట.

ఇప్పుడు బావ హాల్లో ఒక్క లైటే వెలుగుతుంది. మిగతా ఇరవై ఆరూ ఆర్పేసి ఉంచుతున్నాడు, వాళ్ళక్క ఎప్పుడొస్తుందో తెలియదని. రిమోట్ బల్లమీదే ఉంటుంది. నేను వెళితే దానికి దూరంగా, చేతులు తొడలకింద పెట్టుకుని కూర్చుంటాను.