గుమ్మానికి పెట్టిన బొట్టు

ఎంతమంది వస్తారో తెలిస్తే ఎంత బియ్యం వండాలో చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. ఎలా పిలిచారో విని ఎంతమంది వస్తారో చెప్పడమే కష్టం. గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఏ పనికి ఎన్ని రేకులు, ఎన్ని ఊచలు పడతాయో లెక్కకట్టడం నా ఉద్యోగం. ఆ లెక్కలు నాకు ఏ బడిలోనూ చెప్పలేదు, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. అందుకే మేముండే మాంగో పేటలోని మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా బియ్యం, పప్పుల లెక్క నా దగ్గరికే వస్తుంది.

ఒక డిసెంబరు సాయంత్రం అలాంటి లెక్క కోసమే మా సందు చివరి చర్చి పాస్టరుగారు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఆవిడను సందులో అందరూ అమ్మగారనే పిలుస్తారు. మేము హిందువులం. ఆ చర్చి ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళడమే తప్ప లోపలికి వెళ్ళింది లేదు.

"క్రిస్మస్ భోజనాలకి బియ్యం ఎంత పడతాదో సెప్పాలి అన్నయ్యగారూ," అన్నారు పాస్టరుగారు.

క్రిస్మస్ తర్వాత వచ్చే ఆదివారం చర్చి ముందు షామియానా వేసి, సంఘంవాళ్ళతో పాటు సందులో అందరికీ భోజనం పెట్టాలని అమ్మగారి కోరిక. కిందటేడు సందు మొత్తానికి సరిపడా వండించారు. సందులోంచి ఒక్కరూ రాలేదు. గిన్నెలు టెంపోలో ఎక్కించి బస్టాండు దగ్గర పంచి వచ్చారు. ఈసారీ అలాగే అయితే బయటివాళ్ళ కోసం వండడం మానేద్దామని సంఘపెద్ద తేల్చి చెప్పాడట.

"ఆకలైనోళ్ళు తిన్నారు, సంతోషమే," అన్నారు అమ్మగారు. "గానీ ఇన్నేళ్ళుగా ఇక్కడున్నాం, నా సేతి అన్నం ఈ సందులో ఎవులూ తిననేదు. ఎదురింటి మామ్మగారు రోజూ కనిపిత్తాది, నవ్వుతాది. గడప మాత్రం దాటదు."

"ఎలాగ పిలిచినారు?" అని అడిగాను.

"బిష్టుపూర్ బజార్లో మంచి రంగు కాగితాలు అచ్చేయించినామండి. అన్ని తలుపుల కిందా పెట్టించినాం. మైకులో కూడా సెప్పించినాం."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "తలుపు కింద దూరితే పిలుపేటండి? కరెంటు బిల్లు కూడా అలాగే దూరుతాది. దానికెవులైనా పీటేసుకొని కూకుంటారేటి?"

ఆమె మాట మోటుగా ఉన్నా నా లెక్క కూడా అదే. బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి రెండున్నర మనుషుల లెక్క వేస్తాను. ఫోనులో పిలిస్తే ఒకటి. కాగితానికి సున్న. మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. పిల్లలు మాతో హిందీలో మాట్లాడుతున్నా బొట్టు పట్టింపు మాత్రం ఊళ్ళో కంటే ఇక్కడే ఎక్కువ. ఇంటికి వచ్చి, ఇల్లాలి నుదుట కుంకం పెట్టి, "మా ఇంటికి రండి" అంటేనే పిలుపు. మిగతాదంతా కబురు.

"మరి మేం బొట్టు ఎట్టం కదమ్మా," అన్నారు అమ్మగారు, చిన్నబోయి.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "మీరెట్టొద్దు. బొట్టు నానెడతాను, పిలుపు మీరు పిలవండి. రెండూ ఒక్కళ్ళే సెయ్యాలని ఎవులు రాసినారు?"

మర్నాడు సంఘపెద్ద పాస్టరుగారిని పట్టుకున్నాడు. ఆయన కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. దేన్నీ నెమ్మదిగా దించడమే తప్ప వదిలెయ్యడం తెలియదు.

"కుంకం భరిణికి మన సంఘంలో పనేటండి అయ్యగారూ?"

"భరిణి మనది కాదు పెద్దాయనా. అన్నం మనది. తినడానికి మనుషులు కావాలి గదా."

"అప్పుటికీ రాకపోతే?"

"మీరూ నానూ కూకొని మొత్తం తినీయాల."

"నాకు సుగరుంది!"

"అందుకే, ఆళ్ళు రావాలని గట్టిగా ప్రార్థన సెయ్యండి."

శనివారం ఇద్దరూ బయలుదేరారు. ముందు మా ఆవిడ భరిణితో, వెనక అమ్మగారు చేతులు జోడించుకుని. మొదటి పిలుపు ఎదురింటి మామ్మకే. వాకిట్లో తాత ఎండలో చలి కాగుతున్నాడు. మా ఆవిడ మామ్మకు బొట్టు పెట్టింది. అమ్మగారు, "రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి మామ్మగారూ. కోడికూరుంటాది. తిననోళ్ళకి గుమ్మడికాయ దప్పళం ఉంటాది," అన్నారు.

మామ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్ళూ పిలవనేదేటమ్మా?"

"పిలిచినామండి, కాగితం పెట్టించినాం."

"నాకు సదువొత్తే గదా!"

మిగతా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దొరకలేదు. కొందరు బజారుకు, కొందరు పనికి వెళ్ళారు. ఇల్లాలు లేకపోతే గుమ్మానికి బొట్టు పెట్టి రావడం మా ఆనవాయితీ. మా ఆవిడ అలాగే పెట్టి, అమ్మగారి భోజనాలని పిల్లలకు తెలుగులో చెప్పింది. వాళ్ళు "ఠీక్ హై ఆంటీ" అన్నారు. సాయంత్రం తల్లులకు గుమ్మానికి ఉన్న బొట్టు కనిపించింది. పిల్లల నోట వినిపించింది మాత్రం "ఆంటీ కే యహా ఖానా హై" అని, అంటే ఆంటీ ఇంట్లో భోజనమని. ఏ ఆంటీయో ఎవరూ అడగలేదు. బొట్టు పెట్టిన ఆంటీ మా ఆవిడే కదా!

ఆదివారం మధ్యాహ్నం నేను చర్చికి వెళ్దామని చొక్కా తొడుక్కుంటుంటే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "పాపా, బాహర్ సబ్ లోగ్ ఖడే హై. మేరీ షాదీ హై క్యా?"

బయట అందరూ నిలబడ్డారట, తన పెళ్ళా అని అడుగుతోంది. వెళ్ళి చూస్తే నిజంగానే పెళ్ళివారిలా ఉన్నారు. పట్టుచీరలు, పళ్ళాల్లో పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డలు, అరటిపళ్ళు. పక్కసందుల నుంచి చుట్టాల్ని కూడా తెచ్చుకున్నారు.

"సంబంధం ఎక్కడిదొదినా? ధనుర్మాసమని కూడా సూడకుండా ముహూర్తమెట్టేసినారు, మాకు ఒక్క మాట సెప్పనేదు!" అంది ముందున్నావిడ.

మా ఆవిడకు నవ్వాగలేదు. "సంబంధం కాదొదినా. భోజనాలు చర్చిలో. పిలుపు అమ్మగారిది, నాది బొట్టొక్కటే."

వెనక నుంచి ఒకాయన, "చర్చిలోనా? పాటలు పాడాలేటి?" అన్నాడు.

"పాడక్కర్నేదు అన్నయ్యా, తింటే సాలు."

ముందున్నావిడ పళ్ళెం సర్దుకుంది. "బొట్టు ఎట్టించుకొని తినకుండా ఎల్తే అదేటి మర్యాద? నడవండి నడవండి."

చర్చి ముందు షామియానాలో సంఘంవాళ్ళు ఒక పక్కన కూర్చున్నారు. రెండో పక్కన మామ్మ, తాత తప్ప అన్నీ ఖాళీ కుర్చీలే. అమ్మగారు గుంజ పట్టుకుని సందు వైపే చూస్తున్నారు. మలుపు దగ్గర మొదటి పళ్ళెం కనిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత సందంతా రంగులే. అమ్మగారు గుంజ వదిలేసి ఎదురు పరిగెత్తారు.

పాస్టరుగారు అన్నం పెట్టిన దేవుడికి రెండే మాటల్లో ప్రార్థన చేశారు. వడ్డన మొదలయ్యాక నా లెక్క తప్పిందని తెలిసింది. నిశ్చితార్థమనుకుని చుట్టాలతో కదిలిన ఇంటికి రెండున్నర ఏ మూలకు? ఇంకో గుండిగ ఎక్కించాం. లెక్క తప్పినందుకు అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. సంఘపెద్ద గరిటె పట్టుకుని, "ఇంకొంచెం ఏసుకోండి, నాకు సుగరు, మీరు తినాల్సిందే," అంటూ వరసల మధ్య తిరిగాడు.

మామ్మ దప్పళం రెండోసారి వేయించుకుంది. "బెల్లం ఏసినావేటమ్మా?"

"ఏసినానండి. మాది పలాస దగ్గర."

"అలాగ సెప్పు మరి! ఇన్నేళ్ళూ కాయితాలు పంచినావు గానీ, పలాస పిల్లనని ఒక్కపాలి సెప్పినావా?"

వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు తెచ్చిన పళ్ళాలన్నీ అమ్మగారి చేతికే ఇచ్చారు. పిలిచింది ఆవిడ కనుక ఇవ్వాల్సిందీ ఆవిడకే. జాకెట్టు గుడ్డలు మోచేతి దాకా పేరుకుంటే ఆమె నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు.

మాఘమాసంలో ఒకరోజు నేను చర్చి పక్కనున్న పాస్టరుగారి ఇంటి వరండాకు రేకులు కొలుస్తున్నాను. టేపు రెండో చివర సంఘపెద్ద పట్టుకున్నాడు. మామ్మ కుంకం భరిణితో వచ్చి గడప దగ్గర ఆగింది. మనవడి పెళ్ళి.

"నీకెట్టకూడదు, తెలుసమ్మా. ఇంట్లో ఆడోళ్ళు నేకపోతే గుమ్మానికి ఎడతాం గదా, అలాగే ఎడతాను. మీ దేవుడికి కోపమొత్తాదేటి?"

అమ్మగారు పాస్టరుగారి వైపు చూశారు. పాస్టరుగారు సంఘపెద్ద వైపు చూశారు. ఆయన టేపు వదలకుండానే గుమ్మాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"గుమ్మం మన సంఘంలో సభ్యురాలు కాదు గదండీ. ఎట్టనీండి," అన్నాడు. మామ్మ బొట్టు పెట్టడం పూర్తయ్యే దాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు. "మామ్మగారూ, ఆ బొట్టు ఈ ఇంటి మటుకేనా, సంఘం మొత్తానికా?"

"ఎంతమందున్నార్రా?" అంది మామ్మ.

ఆ పెళ్ళికి బియ్యం లెక్క కూడా నాదే. ఆ గుమ్మానికి రెండున్నర చాలదని టేపు చుట్టుకుంటూనే తెలిసిపోయింది.