పదకొండో గులకరాయి

డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు నాకు పాతపట్నం బస్టాండులో తెలిసింది. పంటల వార్త కోసం వెళ్ళి తిరుగు బస్సుకు నిలబడి ఉన్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన బస్సు కండక్టరు దిగుతూనే నా దగ్గరికి వచ్చాడు. అతను బడిలో ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాడే.

"బాబూ, మన మాస్టారు పోయినారు."

"ఎప్పుడు? ఎక్కడ?" అన్నాను. ఇరవై ఏళ్ళుగా వార్తలు రాసేవాడి నోటికి ముందు వచ్చే మాటలు అవే.

"ఇంటికాడేనండి, తెల్లారగట్ల. మూడు దినాలు జొరం. ఇది కూడా పేపర్లో ఏస్తారేటి?" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజు ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఒక ఊరి పేరు ఉండదు. ఎందుకో చెబుతాను.

మాస్టారిల్లు మా వీధిలోనే, మా ఇంటికి నాలుగు గడపల అవతల. చలికాలం వచ్చిందంటే ప్రతి ఆదివారం తెల్లవారకముందే మెడలో డబ్బా కెమెరా, చేతిలో గొడుగుతో పిట్టల ఫొటోలు తీయడానికి బయల్దేరేవారు. పంతొమ్మిది వందల అరవై ఆరు చలికాలంలో ఒకసారి, ఏం తీస్తున్నారో చూపించమన్నాను. గోడకున్న ఫొటోల ముందు నిలబెట్టారు. నాకు చెట్లు, ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

ఆయన భార్య కాఫీ ఇస్తూ, "నువ్వుగింజంత సుక్క ఉన్నాది సూడండి బాబూ, అదే కొంగంట. తీసినాయన సెప్పాలి గానీ, ఆ కొంగొచ్చి సూసుకున్నా పోల్చుకోలేదు" అన్నారు.

మాస్టారు నవ్వారు. "అది అయిదో వారం బొమ్మ. అప్పటికి అంతే కనపడతాది. ఆదివారం నువ్వూ రా బాబూ" అన్నారు.

వెళ్ళాక ఆ మాట అర్థమైంది. డబ్బా కెమెరా దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించలేదు. మనిషే దగ్గరికి వెళ్ళాలి. మనిషి వెళితే పిట్ట ఎగిరిపోతుంది. అందుకని మాస్టారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కార్తీకంలో మొదటి ఆదివారం చెట్లకు బాగా దూరంగా, పొలం గట్టు మీద నిలబడతారు. ఒక గంట అలాగే ఉంటారు. వచ్చేముందు, నాగావళిలో ఏరి జేబులో వేసుకొచ్చిన తెల్లటి గులకరాయి ఒకటి తన కాళ్ళ దగ్గర పెడతారు. మరుసటి ఆదివారం ఆ రాయికి అయిదారు అడుగులు ముందు నిలబడతారు. అదే ఖాకీ చొక్కా, అదే గొడుగు. పిట్టలు ఒక్కసారి కలవరపడినా వెనక్కి వచ్చి, పాత రాయి దగ్గరే ఇంకో వారం గడుపుతారు. చలికాలం చివరికి గట్టు మీద గులకరాళ్ళ వరస చెట్టు మొదటిదాకా వెళుతుంది.

"బొమ్మ రాకపోతే రాకపోనీ, పిట్ట లేవకూడదు" అనేవారు.

శ్రీకాకుళంలో బస్సెక్కి, దిగాక పొలాల్లో నడిస్తే వచ్చే చిన్న ఊరది. ఊరి చివర మూడు చింతచెట్లు. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి వాటి మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి ఉన్నన్నాళ్ళు ఆ ఊళ్ళో టపాకాయ కాల్చరు. పెళ్ళి మేళం పొలిమేరలో ఆగిపోతుంది.

చెట్ల కింద ఇల్లున్న ముసలమ్మను ఇదేం కట్టుబాటని అడిగాను.

"ఆడపిల్లలు పురిటికొచ్చినట్టు వస్తాయి బాబూ. పురిటింటి ముందు డప్పు కొడతారేటి? మా పిల్ల పెళ్ళికి వియ్యపోడు అలిగినాడు. పెళ్ళికొచ్చినామా, పరామర్సకొచ్చినామా అన్నాడు. అలిగితే అలిగినావులే, అరవకు అన్నాను."

ఆ చలికాలం చివర్లో మాస్టారు చెట్టు కిందికి చేరారు. గూటిలో పిల్ల నోట్లో తల్లి చేపను జారవిడుస్తున్న ఫొటో తీశారు. నేను చూసిన ఆయన ఫొటోల్లో పిట్ట కన్ను కనిపించినది అదొక్కటే. దాన్ని నాకిస్తూ, "రాస్తే రాయి. ఊరి పేరు మాత్రం వద్దు బాబూ" అన్నారు.

నేను పేరు రాశాను. ఊరి పేరు లేకపోతే అది వార్త కాదనుకున్నాను. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో కూడా రాశాను. చదివినవాళ్ళు వెళ్ళి చూస్తారనుకున్నాను.

మరుసటి ఆదివారం మేము వెళ్ళేసరికి చెట్లు ఖాళీగా ఉన్నాయి. ముందురోజు ఎవరో జీపులో తుపాకులతో వచ్చారు. మగవాళ్ళంతా పొలాల్లో ఉన్న వేళ. ముసలమ్మ వాకిట్లో ఈకలు ఊడుస్తోంది.

"పేపర్లో పడ్డాదంట గదా మాస్టారూ. దారి కూడా సెప్పినారంట. ఎవుడు రాసినాడో, ఆడింట పురుడు పొయ్యినట్టు లేదు" అంది.

మాస్టారు నా వైపు చూడలేదు. చీపురు ఆమె చేతిలోంచి తీసుకుని మిగిలిన వాకిలి తాను ఊడ్చారు. తిరుగు బస్సులో అన్నారు.

"నువ్వు అబద్దం రాయలేదు బాబూ. అంతా నిజవే రాసినావు. అందుకే ఆళ్ళకి దారి దొరికింది."

ఆ తరవాత ఆయనకు ఎదురుపడలేక పక్క వీధి చుట్టి వెళ్ళేవాణ్ణి. మళ్ళీ కార్తీకం వచ్చింది. మొదటి ఆదివారం ఇంకా చీకటి ఉండగానే గొడుగు కామతో మా తలుపు కొట్టారు. "ఒరే, పిట్టలు లేచినాయి, నువ్వు లేవలేదేటి?"

అంతకుముందు ఎప్పుడూ నన్ను ఒరే అనలేదు. చొక్కా తొడుక్కుని వెనకాలే నడిచాను.

ఆ ఏడాది ఒక్క కొంగా రాలేదు. అయినా ఏ ఆదివారమూ మానలేదు. దూరపు గట్టు మీద, మొదటి రాయి దగ్గరే నిలబడి ఖాళీ చెట్ల వైపు చూసి వచ్చేవాళ్ళం. ఈ ఏడాది ఏడు కొంగలు వచ్చాయి. మనిషి అలికిడైతే చాలు, లేచిపోయేవి. మాస్టారు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. రెండేసి అడుగుల చొప్పునే జరిగారు. ఫిల్ము వేసిన కెమెరా మెడలోనే ఉండేది, ఒక్కసారీ నొక్కలేదు. పది రాళ్ళయ్యాయి. చెట్లు ఇంకా చాలా దూరం. పదకొండో ఆదివారానికి ముందే ఆయన పోయారు.

దినం అయ్యాక ఆయన భార్య కెమెరా సంచి నా చేతికిచ్చారు. "ఇంట్లో ఉంటే గోడకేసి సూస్తాది. నువ్వు తీసుకెళ్ళు బాబూ" అన్నారు. సంచి అడుగున తెల్లటి గులకరాయి ఒకటి ఉంది.

ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను. ముందు ముసలమ్మకు మాస్టారి సంగతి చెప్పాను. తరవాత, ఆ రోజు పేపర్లో రాసింది నేనేనని కూడా చెప్పాను.

"నాకు తెల్దేటి? ఆ దినం నీ మొకం సూస్తేనే తెలిసింది" అంది. "మరుసటేడు ఆయనే నిన్ను ఎంటబెట్టుకొచ్చినారు. ఇంక నానేటంటాను? ఎల్లు, ఎండెక్కితే అవి సెరువుకెల్లిపోతాయి."

పదో రాయి దాటి రెండడుగులు వేసి ఆగాను. చివరి గూటి మీద ఉన్న కొంగ మెడ ఎత్తింది. నేను కదల్లేదు. ఖాకీ చొక్కా లేదు, గొడుగు లేదు, అది ఎరిగిన మనిషి లేడు. అది నన్ను చాలాసేపు చూసింది. సంచిలోంచి కెమెరా తీయలేదు.

కాసేపటికి అది మెడ దించి, ముక్కుతో ఒక పుల్లను గూట్లోకి సర్దుకుంది. నేను మెల్లగా వంగి, గులకరాయిని కాళ్ళ దగ్గర పెట్టాను.