పర్దా అని పిలవని పూట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కూడా కాదు. మా ఇంటికీ, నేను ఆపా, అంటే అక్కా అని పిలిచే పక్కింటామె ఇంటికీ మధ్య గోడలో ఒక చిన్న దర్వాజా ఉండేది. అది ఎట్లా మూతపడిందో చెబుతాను. నాకు రాయడం అంతంతమాత్రం, బడి చిన్నప్పుడే మానేశాను. కానీ చూసిందీ విన్నదీ మరిచిపోయే తల కాదు నాది. మరిచిపోతే బాగుండునని అనుకున్న రోజులూ ఉన్నాయి.

మాది దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీ. మా అత్తగారి కాలం నుంచీ బర్రెలు కట్టి పాలు పోసే ఇల్లు. ఒకప్పుడు కొట్టం నిండా ఉండేవి, ఇప్పుడు రెండే. నేను కొత్తకోడలిగా వచ్చేటప్పటికే ఆ దర్వాజా ఉంది. మా అత్తగారూ ఆపా అత్తగారూ కలిసి పెట్టించుకున్నారట. తల వంచితేనే దాటగలం. ఆకుపచ్చ రంగు తలుపు, ఏ వైపూ గొళ్ళెం లేదు. ఆడవాళ్ళు వీధి ఎక్కకుండా అటూ ఇటూ తిరగడానికి పెట్టుకున్న దారి అది.

దానికి ఒకటే కట్టుబాటు. ఆడమనిషి ఎప్పుడైనా పిలవకుండా పోవచ్చు. మగమనిషి అయితే ఇవతలే నిలబడి "పర్దా" అని కేక వేయాలి. లోపలివాళ్ళు దుపట్టా సర్దుకునో, గదిలోకి పోయో, రమ్మనేదాకా ఆగాలి. నల్లా బాగుచేసే మనిషైనా, కరెంటు మనిషైనా అంతే. మా ఆయనను ఆపా సొంత తమ్ముడిలాగా చూసేది. అయినా ఆయన తల నెరిశాక కూడా "పర్దా" అని పిలిచి, మొహం ఇటు తిప్పుకొని నిలబడేవాడు. ఆపా లోపల్నుంచి, "క్యా జీ, నేను నానీని, అమ్మమ్మను గూడ అయిపోయిన, ఇంకేం పర్దా" అని నవ్వేది. నవ్వుతూనే దుపట్టా సర్దుకొని, అప్పుడు రమ్మనేది.

ఆ దర్వాజాలోంచి ఏమేం వచ్చాయో, ఏమేం పోయాయో చెప్పాలంటే పొద్దు చాలదు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో మా పాలు అటు పోయేవి, వాళ్ళ బియ్యం ఇటు వచ్చేవి. మా చిన్నబిడ్డకు ఫిట్స్ వచ్చిననాడు నేను పెట్టిన అరుపుకు గల్లీలో ఎవరూ కదలకముందే ఆపా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. మా ఆయన పోయినప్పుడు కర్మ అయ్యేదాకా మా ఇంట పొయ్యి వెలగలేదు. నాకు చాయ్ అటునుంచే వచ్చింది. తాగనంటే గ్లాసు నోటి దగ్గర పెట్టి, తాగేదాకా తీసేది కాదు.

ఇక మా మరిది కొడుకు సంగతి. సైదాబాద్‌లో ఉంటాడు. ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం ఉండేది, పోయింది. కొన్నాళ్ళు మొహం వేలాడేసుకొని తిరిగాడు. తర్వాత ఊరు చూడవచ్చిన వాళ్ళను వెంటబెట్టుకొని గల్లీలు తిప్పే పని పెట్టుకున్నాడు. ఒక పొద్దున వచ్చి, నేను కుడితి కలుపుతుంటే పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, జనాలకు చార్మినార్ సరిపోతలేదు. ఫొటో దిగుడు, గాజులు కొనుడు, బిర్యానీ తినుడు, అందరు చేసేదే గదా. ఇప్పుడు మనం రోజూ ఏం చేస్తమో గది చేసి చూడాలంటున్నరు."

"మేం రోజూ పేడ ఎత్తుతం."

"ముందుగాల గదే చేస్తరు."

"ఏందిరా, తలకేమన్న దెబ్బ తాకిందా?"

"నవ్వకు పెద్దమ్మా. నీ ఇల్లే గావాలె నాకు. పాలు పిండుడు, పిడకలు కొట్టుడు, జొన్నరొట్టె చేసుడు. నువ్వేం కొత్తగ చెయ్యకు, రోజూ ఉన్నట్టే ఉండు."

పిల్లగాడు మళ్ళీ నవ్వుతున్నాడు కదా అని సరే అన్నాను. వాళ్ళు రావడం మొదలైంది. బెంగుళూరు నుంచి మొగుడూ పెళ్ళాలు, పూణే నుంచి స్నేహితులు, ఒకసారి ఏదో చలిదేశం నుంచి ముక్కులు కమిలిపోయిన ఆడవాళ్ళు. పూణే ఆయన బర్రె కింద కూర్చొని గుడిగంట తాడు లాగినట్టు లాగాడు. బర్రె తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. ఒక పిల్ల చేసిన రొట్టె మూలకొక చోట చిరిగి, పాత అంగీలాగా ఉంది. దాన్నే ఇష్టంగా తిన్నది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదట్లో బాగానే ఉంది. ఇంట్లో మనుషుల సందడి విని ఎన్నాళ్ళయిందో.

కానీ రోజూ ఉన్నట్టే ఉండమన్న మాట ఎంత పెద్ద మాటో మెల్లగా తెలిసింది. ఇంటికి మనుషులు వస్తున్నారని నేను మంచి చీర కట్టుకుంటే, "గిది గాదు పెద్దమ్మా, కొట్టంల కట్టేది కట్టు" అన్నాడు. ఫ్రిజ్ మీద దుప్పటి కప్పాడు. ప్లాస్టిక్ కుర్చీలు మేడ మీదికి ఎక్కించి, నల్లులు పట్టాయని నేను పైన పడేసిన నులకమంచం కిందికి దించాడు. గ్యాస్ పొయ్యి ఉండగా కట్టెల పొయ్యి పెట్టించాడు. ఎప్పుడో మానేసిన పొగ మళ్ళీ నా కళ్ళలోకి వచ్చింది. నీళ్ళు కారుతుంటే ఒకామె నా మొహం దగ్గరగా ఫోన్ పెట్టింది.

"ఇంకోపారి ఊదమంటున్నది పెద్దమ్మా. సరిగ్గ రాలేదంట."

మళ్ళీ ఊదాను. నా ఇంట్లో నా రోజు ఎట్లా ఉండాలో వాళ్ళకు ముందే తెలుసు. నేను దానికి సరిపోవాలి.

ఒకరోజు ఇటు లొల్లి విని ఆపా దర్వాజా కొంచెం తెరిచి, గిన్నెడు డబుల్ కా మీఠా చెయ్యి మాత్రం చాపి అందించింది. "మెహమాన్లకు ఒట్టి చాయేనా బెహన్" అన్నది తలుపు వెనకనుంచే. వచ్చినవాళ్ళంతా నోళ్ళు తెరిచి ఆ చేతినే చూశారు. మావాడు వాళ్ళను చూశాడు. వాళ్ళు పోయాక నా వెంటపడ్డాడు.

"హిందూ ఇల్లు, ముస్లిం ఇల్లు, నడిమిట్ల గొళ్ళెం లేని తలుపు. ఇంతకంటె ఏం గావాలె పెద్దమ్మా? దేశమంతా తిరిగినా గిట్లాంటిది చూడరు."

"అది తలుపురా. మేం పోయొచ్చేటందుకు పెట్టుకున్నం, ఎవరో చూసేటందుకు గాదు."

వినలేదు. ఆపాకు సంగతి చెప్పి, వద్దనమని నేనే అన్నాను. ఆమె మెత్తని మనిషి. "పిల్లగాని కామ్ బందైందన్నవు గదా, పాపం. ఆడోళ్ళు అయితే రానీ. ఫొటో నక్కో, వద్దు. ముందుగాల నువ్వు రావాలె, నీ వెనక వాళ్ళు" అన్నది. అట్లాగే ఒకసారి ఆడవాళ్ళను నేనే తీసుకుపోయాను. ఆపా వాళ్ళకు ఖట్టీ దాల్‌కు బఘార్, అదే మన పోపు, వేయడం చూపించింది. నూనెలో ఎండుమిరపకాయ చిటపటమంటే ఒక పిల్ల గెంతింది. ఆపా పొట్ట పట్టుకొని నవ్వింది. ఫొటో తీయబోయిన పిల్లను పక్కామె ఆపింది. మర్యాదగా వచ్చారు, మర్యాదగా పోయారు.

ఆ తర్వాత పెద్దబర్రెకు పొదుగు వాచింది. అలవాటు లేని చేతులు లాగితే వాయదా మరి. మందుకోసం పశువుల ఆసుపత్రికి బయలుదేరుతుంటే మావాడు కొత్త గుంపుతో వచ్చాడు. అందులో మగవాళ్ళే ఎక్కువ.

"నేనొచ్చేదాక దర్వాజ దిక్కు పోకు" అన్నాను.

"సరే పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు."

నేను తిరిగి వచ్చేసరికి వాళ్ళంతా మా వాకిట్లో నిలబడి చాయ్ తాగుతున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి మా గ్లాసులు కావు. నీలిపూల కప్పులు, ఆపావి.

"ఆపా అందరికి చాయ్ ఇచ్చింది పెద్దమ్మా. మస్తు ఖుషీ అయిన్రు" అన్నాడు.

మందు అక్కడే పెట్టి తల వంచి దర్వాజా దాటాను. ఆపా గదిలో ఉంది, బయటికి రాలేదు. ఆమె కోడలు చెప్పింది. ఆపా తలస్నానం చేసి, వాకిట్లో పీట మీద కూర్చొని జుట్టు ఎండబెట్టుకుంటున్నది. కోడలు పక్కనే పిల్లకు పాలిస్తున్నది. తలుపు ఒక్కసారిగా తెరుచుకున్నది. మావాడు ఇంగ్లీషులో ఏదో చెప్పుకుంటూ ముందు, ఫోన్లు ఎత్తిపట్టుకొని వాళ్ళు వెనక. పర్దా అనలేదు. కోడలు గోడవైపు తిరిగిపోయింది. ఆపా చేతికి దొరికిన తడి తువ్వాలు నెత్తిమీద, మొహం మీద కప్పుకొని అట్లాగే కూర్చున్నది. లేచి పోవాలంటే వాళ్ళ మధ్యలోంచే పోవాలి. వాళ్ళు ఆకాశం చూశారు, పావురాల గూడు చూశారు, ఆమెను చూశారు. ఎవరో చాలా బాగుందన్నారట. చివరికి ఆ తువ్వాలు కిందినుంచే, "ఇంటికొచ్చిన్రు, చాయ్ అటు దిక్కు పంపిస్త, తాగి పోన్రి" అన్నదట ఆపా. అట్లా అంటే తప్ప వాళ్ళను ఇవతలికి పంపే దారి ఆమెకు తోచలేదు.

దాన్ని మావాడు ఖుషీ అనుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆపా పెద్దకొడుకు వచ్చాడు. అతనికి చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. పాకేటప్పటినుంచీ ఆ దర్వాజాలోంచి వచ్చి నా ఒళ్ళో పడ్డ పిల్లవాడు, నన్ను ఖాలా, అంటే పిన్నీ అని పిలుస్తాడు. ఆరోజు వీధివైపు వచ్చి, మా గుమ్మం బయట నిలబడి "పర్దా" అని పిలిచాడు. చేతిలో పని వదిలి గుమ్మం దాకా పోయాను. లోపలికి రమ్మన్నాను. మావాడు ఇంట్లోనే ఉన్నాడు.

"ఖాలా, పక్క దుకాణమాయన ఫోన్ల వీడియో చూపించిండు, అమ్మీ తువ్వాల కప్పుకోకముందుది. గీమె మీ అమ్మీ గదా అన్నడు. నేను కాదన్న." కూర్చోమంటే కూర్చోలేదు. "అమ్మీ మొహం చూసుకుంట కాదన్న, ఖాలా."

మావాడు లేచాడు. "తీసేపిచ్చిన భాయ్. నేను చెప్పంగనే తీసేసిన్రు. మంచోళ్ళే వాళ్ళు."

"మంచోళ్ళే. నువ్వెందుకు పర్దా అనలే? చిన్నప్పుడు నాకంటె ముందు నువ్వే అరుస్తుంటివి."

"ఇంగ్లీష్ల చెప్పుకుంట పోతున్న. నోటికి రాలే."

అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేదో. ఊరుకోలేదు. "కానీ భాయ్, వాళ్ళకు మస్తు నచ్చింది. ఫైవ్ స్టార్లు ఇచ్చిన్రు. అమ్మీ గురించే మంచిగ రాసిన్రు" అన్నాడు.

ఆ పిల్లవాడు వాడివైపు చూడలేదు. నావైపు తిరిగి, "దర్వాజ జాగల గోడ కట్టిస్తం ఖాలా. మీరు తప్పనుకోవద్దు" అని, నా పాదాలవైపు చూస్తూ నిలబడి, వెళ్ళిపోయాడు.

నేను ఆపా దగ్గరికి పోయాను. చేతులు పట్టుకున్నాను. కొడుకును ఆపమన్నాను.

"వాడు అడిగిండు బెహన్. కట్టమని నేనే చెప్పిన" అన్నది.

"నేనేం చేసిన ఆపా?"

"నువ్వేం చెయ్యలే. గానీ అటుకెల్లి ఎప్పుడు తలుపు కదిలినా నువ్వే అనుకుంటుంటి. ఇన్నేండ్ల సంది అంతే. ఇప్పుడు కదిలితే చెయ్యి దుపట్టా మీదికి పోతున్నది. ఇందాక నువ్వొస్తుంటే గూడ పోయింది. నా ఇంట్ల నేను గిట్ల కూసోలేను జీ."

పట్టుకున్న చేతులు వదిలి, తల వంచి దర్వాజా దాటి వచ్చాను.

మేస్త్రీ వచ్చాడు. తలుపు ఊడదీసి ఇటుకలు పేర్చాడు. మావైపు కూడా సిమెంటు పూయాలా అని గోడ మీదినుంచి అడిగితే వద్దన్నాను. నున్నగా పూస్తే అక్కడ ఏమీ లేనట్టుంటుంది. ఆ నున్నదనం చూసే ఓపిక నాకు లేదు.

ఆ వారమే మావాడు మళ్ళీ గుంపును తెచ్చాడు. నేను కొట్టంలో ఉన్నాను. బయటికి వచ్చి చూస్తే, ఆ ఇటుకల ముందు నిలబడి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. వాళ్ళు పాపం పాపం అన్నట్టు తల ఊపుతున్నారు. ఒకాయన ఇటుకల మీద అరచెయ్యి పెట్టి ఫొటో దిగాడు.

"ఏం చెప్తున్నవురా?"

"దర్వాజ కథ పెద్దమ్మా. ఇంతకుముందుకంటె ఇదే ఎక్కువ మనసుకు తాకుతున్నదంట."

పేడ చేతులతోనే వీధి తలుపు తీసి పట్టుకున్నాను. ఒక్కొక్కరే పోయారు, నమస్తే పెట్టి మరీ పోయారు. వాడు చివర పోయాడు. "ఇది ఒట్టి కోపం పెద్దమ్మా, తగ్గుతది" అన్నాడు. తగ్గలేదు. వాడు ఇప్పుడు ఇంకెవరి ఇంటికో తీసుకుపోతున్నాడట. ఆ ఇంటామె ఏ చీర కట్టుకుంటున్నదో.

ఇప్పుడు ఆపాను చూడాలంటే చెప్పులు వేసుకోవాలి. గల్లీ చివరిదాకా పోయి, మసీదు పక్కనుంచి తిరిగి, వాళ్ళ వీధి గుమ్మం దగ్గర గంట నొక్కాలి. ఎవరో వచ్చి తీసేదాకా నిలబడాలి. దానికోసం మంచి చీర కట్టుకుంటాను. నన్ను ముందుగదిలో, సోఫాలో కూర్చోబెడతారు. ఆపా వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. పళ్ళెంలో బిస్కట్లు పెడతారు. నేను ఒకటే తీసుకుంటాను. మొన్న పోయినప్పుడు కోడలు చాయ్ తెచ్చింది. ఆపా చెంచా పట్టుకొని నావైపు చూసి, "శక్కర్ ఎంత వేయమంటవు బెహన్?" అని అడిగింది.

ఆమెకు తెలియక కాదు. మెహమాన్లను, వచ్చిపోయే చుట్టాలను అడిగే మాట అది. నేనూ మెహమాన్‌లాగే, "మీ ఇష్టం ఆపా" అన్నాను.

ఇదీ సంగతి. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పిల్లాపాపలు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాలి. మీ ఇంటికి వచ్చేవాళ్ళంతా మీ కోసమే రావాలి.