ఐదు గంటల రొట్టె

మిలిటరీ పోస్టుకు చేరింది మధ్యాహ్నం రెండూ పదికి. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి మూడు రోజుల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు. అందులో సగం వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు. ఎత్తు పద్నాలుగు వేల ఎనిమిది వందల అడుగులు. చెట్టు లేదు, గడ్డి లేదు. ఇసుక సంచులు పేర్చిన నాలుగు బంకర్లు, ఒక వంట గుడిసె, గాలికి ఊగుతున్న యాంటెన్నా. నవంబరు మొదటి వారం. నీడలో మైనస్ పదకొండు. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కూర్చుని చెమటలు తుడుచుకునే మా నాయనకు ఈ అంకె జాబులో రాస్తే, పొరపాటు రాశావని తిరుగు జాబు వచ్చింది.

సుబేదారు సాబ్ జమ్మూ వైపు డోగ్రా మనిషి. నా కాగితాలు చూసి, చేత్తో పైకి చూపించాడు. కొండ అంచున, రిడ్జి మీద నల్లటి చుక్క. పై పోస్టు. ఇంకో రెండు వేల అడుగుల ఎత్తు.

"అక్కడ ఇద్దరున్నారు. డిసెంబరులో దారి మూసుకుంటే ఏప్రిల్ దాకా పైకి పోయేదీ లేదు, కిందికి వచ్చేదీ లేదు. వాళ్లకు మనతో ఉన్నది నీ సెట్టు ఒక్కటే" అన్నాడు హిందీలో.

ఆ ఇద్దరిలో హోదాలో పెద్దవాడు గఢ్వాలీ నాయక్. రెండోవాడు సిపాయి. వాళ్లు నాకంటే వారం ముందే పైకెక్కారు. నేను వాళ్ల మొహాలు చూడలేదు. శీతకాలానికి సరిపడా రేషను వాళ్లతో పాటే ఎక్కించారు. తిండికి కొరత లేదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఊళ్లో ఈ కథ సగం విన్నవాళ్లు సర్కారు మాకు తిండి పెట్టలేదనుకుంటారు.

ప్రతి మూడు గంటలకు ఒక రిపోర్టు. గాలి, చలి, చూపు ఎంత దూరం ఆనుతోంది, మనుషులు ఎలా ఉన్నారు. మొదటి రోజు సాయంత్రం ఆరింటికి సిపాయి గొంతు వచ్చింది. హిందీలోనే మాట్లాడాడు. కానీ ఆ హిందీ నాకు బాగా తెలిసిన హిందీ. అది ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బండ్ల మధ్య వినిపించే హిందీ.

"యా ఊరప్పా నీది?" అన్నాను, ఉండబట్టలేక.

సెట్టులో గరగర. తర్వాత, "ఆదోని. నీదన్నా?"

"ఎమ్మిగనూరు."

"ఓయబ్బా! గంట బస్సన్నా మనకు!" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే సుబేదారు నా చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు. సెట్టు మీద హిందీ తప్ప ఇంకో భాష నిషేధం. నాకు మూడు రోజులు అదనపు కాపలా పడింది.

కింది పోస్టులో మేం తొమ్మిది మందిమి. అందరూ మంచివాళ్లే. తెలుగు మాత్రం నాకొక్కడికే. రెండు నెలలు నేను ఇంకో మనిషితో తెలుగులో ఒక్క మాట పలకలేదు. మొహం కడుక్కునేటప్పుడు మంచు కరిగించిన నీళ్లతో మాట్లాడేవాణ్ని. వంటవాడు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఒంటరితనం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. చుట్టూ ఎనిమిది మంది కూర్చుని తింటుంటే, నా కంచంలో నేనొక్కణ్నే తింటున్నట్టుండేది.

జనవరిలో ఒక ఉదయం తొమ్మిది గంటల రిపోర్టులో నాయక్ వచ్చాడు.

"మీ వైపు సిపాయి తినడం లేదు. ఐదు రోజులైంది. టీ తాగుతున్నాడు, అంతే. అడిగితే తిన్నానంటాడు. డబ్బా తీసి చూస్తే ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఓవర్."

అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అది దిగులు వల్ల కాదు, గాలి పలచన వల్ల. పైగా అన్నం, నీళ్లు, చపాతీ, అన్నీ కిరోసిన్ వాసనే. తినకపోతే ఒంట్లో వేడి పుట్టదు. వేడి పుట్టనివాడు ఒక మధ్యాహ్నం కునుకు తీసి మళ్లీ లేవడు. మునుపటి ఏడాది ఇంకో పోస్టులో అలా జరిగిందని అందరికీ తెలుసు. ఆ గాలిలో హెలికాప్టరు అక్కడ దిగదు.

సుబేదారు నన్ను పిలిచాడు. "నీ భాషలో మాట్లాడు. రోజూ సాయంత్రం ఐదుకు, పది నిమిషాలు. వాడితో తినిపించు. ఇది ఆర్డరు. బ్యాటరీ నీ పూచీ."

బ్యాటరీ చలికి చచ్చిపోతుంది. పగలంతా దాన్ని కోటు లోపల, పొట్టకు ఆనించి పెట్టుకున్నాను. ఐదుకు సెట్టు పెట్టాను.

"తిన్యావా తమ్ముడూ?"

"తిన్యా అన్నా. ఓవర్."

సంతోషపడ్డాను. తిన్నాడని సుబేదారుకు చెప్పాను. రెండో రోజూ అదే. మూడో రోజు ఉదయం నాయక్ నన్ను తిట్టాడు. వాడు ఏమీ తినలేదట.

నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపించింది. మా వైపు పుట్టినవాణ్ని అయ్యుండి అడగకూడని మాట అడిగాను. మా ఊళ్లలో ఎవరి ఇంటికి పోయినా వాళ్లు తింటుంటే, "రాప్పా తిందువు" అంటారు. మనం, "ఇప్పుడే తినొచ్చినా" అంటాం. కడుపు మాడుతున్నా అంటాం. అది అబద్ధం కిందికి రాదు, మర్యాద. పిండి మూడు రొట్టెలకే సరిపోయిన రోజు మా అమ్మ పొయ్యి ముందు నుంచి, "నేను తిన్యా, మీరు తినండి" అనేది. ఆ మాట వింటూ పెరిగినవాణ్ని, ఇంకొకరి నోట వింటే నమ్మేశాను.

ఆ సాయంత్రం ఐదుకు చపాతీ తునక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అడగలేదు. చెప్పాను.

"నేను తినలేదు. తునక చేతిలో ఉంది. నువ్వు తింటే తింటా. ఓవర్."

గరగర. లెక్కపెట్టాను. నలభై సెకన్లు.

"నువ్వు తినన్నా. చల్లారిపోతాది."

"చల్లారనీ."

చపాతీ తునక రెండు నిమిషాల్లో అట్టముక్క అయింది. సెట్టులో గరగర ఒక్కటే. నేను తునక అలాగే పట్టుకున్నాను. పది నిమిషాలు అయిపోయాయి. సెట్టు కట్టేసి, తునక కంచంలో పెట్టి పడుకున్నాను. ఇది త్యాగం అనుకోకండి. నాకు మొండితనం ఎక్కువ, దానికి తోడు వాడి మీద కోపం వచ్చింది. రెండో రోజూ అంతే. వంటవాడు సణిగాడు. సుబేదారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటల రిపోర్టులో నాయక్ నవ్వుతున్నాడు. "ఏం మందు పెట్టావయ్యా? కింద ఎమ్మిగనూరు అన్న తిన్నాడా అని పొద్దుటి నుంచి నన్ను నాలుగుసార్లు అడిగాడు. ఓవర్."

ఐదుకు సెట్టు పెట్టాను. తునక చేతిలో ఉందని చెప్పాను. గరగర. ఆ గరగరలో కటుక్కుమని ఒక శబ్దం. శక్కర్‌పారా. గోధుమపిండి, చక్కెర కలిపి వేయించిన గట్టి బిళ్ల అది. కొరికితే బంకరంతా వినిపిస్తుంది.

"ఇంటివా అన్నా?"

"ఇన్యా. ఇంకోటి కొరుకు."

కటుక్కు. నేను నా తునక నోట్లో పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడలేదు, చూసినా చలికి అనుకుంటారు.

ఆ తర్వాత ఏప్రిల్ దాకా రోజూ సాయంత్రం ఐదుకు మేమిద్దరం కలిసి తిన్నాం. రెండు వేల అడుగుల తేడాతో. "ఈ పొద్దు ఏం కూర?" అని వాడు అడిగేవాడు. డబ్బా బఠాణీలు ముందు పెట్టుకుని, "పుంటికూర. పప్పేసి రుబ్బినారు" అనేవాణ్ని. గోంగూరను మేం పుంటికూర అంటాం. చపాతీని జొన్నరొట్టె అనేవాళ్లం. ఆదివారం ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. "మీ ఎమ్మిగనూరోళ్లకు బజ్జీ ఏసేది యాడొస్తాదన్నా! ఆదోని బస్టాండులో తిని సూడు" అని ఎగతాళి చేసేవాడు. వాళ్లు దూదేకులవాళ్లు. వాళ్ల అమ్మ పరుపులు కుడుతుంది. నాయన లేడు. ఫిబ్రవరిలో మూడు రోజులు తుపాను పట్టి సెట్టు పలకలేదు. ఆ మూడు రోజులూ ఐదు గంటలకు తునక చేతిలో పట్టుకుని, ఐదూ పదికి తిన్నాను. వాడూ అలాగే చేశాడని తర్వాత చెప్పాడు.

వాణ్ని నేను బతికించానని నాయక్ సెట్టులో చెప్పాడు. సుబేదారు భుజం తట్టాడు. నిజం నాకు తెలుసు. ఇరవై నాలుగు గంటల్లో నేను మనిషితో కలిసి తిన్నది ఆ పది నిమిషాలే. వాడు లేకపోతే నేనూ తినడం మానేసేవాణ్ని.

ఏప్రిల్ రెండో వారంలో దారి తెరుచుకుంది. పైవాళ్లను దించిన రోజు నేను టెలిఫోను తీగ బాగుచేయడానికి రిడ్జి అవతల ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నాలుగైంది. వాడి కాళ్లు వాచాయని అప్పటికే ఆసుపత్రికి పంపేశారు.

"అరగంట నీ కోసం ఆపాడు స్ట్రెచరును" అన్నాడు వంటవాడు. నా పడక మీద ఒక శక్కర్‌పారా ఉంది. వాడు పొడుగో పొట్టో కూడా నాకు తెలియదు.

మే నెలలో సెలవు మీద ఎమ్మిగనూరు వచ్చాను. బయట నలభై రెండు డిగ్రీలు. వీధిలో మగ్గాల చప్పుడు. వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకటే, ఎంతమందిని కాల్చావని. ఎవరినీ కాల్చలేదంటే మొహం చిన్నబుచ్చుకుని పోయారు. అమ్మ వేడివేడి రొట్టె పెట్టేది. తునక తుంచి చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ని. "ఎవురికోసరంరా కాసుక్కూచున్యావు?" అనేది అమ్మ.

తొమ్మిదో రోజు పొద్దున ఒకామె వాకిట్లో నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. జుట్టులో, రెప్పల మీద పత్తి నూగు. చంకలో కొత్త దిండు.

"ఆడ కొండమీద మా వానికి తినిపించినోడివి నువ్వేనా నాయనా? ఎమ్మిగనూరు అన్న అని మావాడు చెప్పె, మిలిటరీ నుంచి వచ్చినోని ఇల్లు యాడని అడుక్కుంటా వచ్చినా."

అమ్మ ఆమెను లోపలికి పిలిచి రొట్టె పెట్టబోయింది. "తినే వచ్చినాలేమ్మా" అంది ఆమె. నీళ్లు మాత్రం తాగింది. దిండు నా చేతిలో పెట్టింది.

"ఇరవై దినాలాయ ఇంటికొచ్చి. కాళ్లు బాగయినాయి. కూడు మాత్రం తినడు. ముందర పెడితే తిన్యామ్మా అంటాడు. పక్కకుపోయి సూస్తే మేకకు ఏసింటాడు. ఎవురన్నా పక్కన కూచుంటే గొంతు దిగదంట. ఒగ తూరి రా నాయనా, నీ కాళ్లు మొక్కుతా." నిజంగానే వంగబోయింది. పట్టుకుని ఆపాను.

మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం ఆదోని పోయాం. జిన్నింగు మిల్లుల వెనక సందు. రెండు గదుల ఇల్లు. గోడలకు, దూలాలకు పత్తి నూగు. వాడు లేచి నిలబడ్డాడు. నేను అనుకున్నదానికంటే పొడుగు. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఎప్పుడొస్తివన్నా?"

"ఇప్పుడే."

అంతే. గొంతు నాకు తెలిసిందే. మొహం మాత్రం ఎవరిదో. ఆ గొంతు వాడిదే అనిపించాలంటే నేను నేల చూడాల్సి వచ్చింది. వాడూ నేలే చూస్తున్నాడు. ఇంత దూరం వచ్చి ఇద్దరం పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం.

ఆమె రొట్టెలు చేసింది. రెండు కంచాలు పెట్టింది. వాడు తన కంచాన్ని కొంచెం పక్కకు జరిపాడు.

"నేను తిన్యామ్మా."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను మోయలేకపోయాను. వాచీ చూసుకున్నాను. నాలుగూ యాభై ఎనిమిది.

నా కంచం తీసుకుని లేచాను. లోపలి గదిలోకి పోయాను. అక్కడ పత్తి కుప్ప, సగం కుట్టిన పరుపు. మధ్య గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. వాడు అవతలి వైపు. ఐదు అయ్యేదాకా ఆగాను. తునక తుంచాను.

"పై పోస్టు, పై పోస్టు. ఇంటాండావా? తునక చేతిలో ఉంది. నేను తినలేదు. ఓవర్."

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మిల్లు హోరు. లెక్కపెట్టాను. ఇరవై. ముప్పై. నలభై దాటింది. నాకు భయం వేసింది. ఇది కూడా పనిచేయకపోతే నా దగ్గర ఇంకేం లేదు.

గోడకు ఏదో ఆనిన చప్పుడు. వాడు జరిగి గోడకు వీపు పెట్టాడు.

"ఇంటాండా అన్నా." కొంచెం ఆగాడు. "ఈ పొద్దు ఏం కూర? ఓవర్."

"పుంటికూర" అన్నాను. "ఈసారి నిజంగానే పుంటికూర తమ్ముడూ."

నవ్వాడు. మొదటి రోజు సుబేదారు మధ్యలో తెంపేసిన నవ్వు ఇదే. తర్వాత పెనం మీద గట్టిపడిన రొట్టె అంచు విరిగిన చప్పుడు. నమిలిన చప్పుడు. నేను నా తునక నోట్లో పెట్టుకున్నాను.

ఒకటి, రెండు. మూడో రొట్టె వాడు అడిగినప్పుడు తలెత్తి చూశాను. ఆమె రెండు గదుల మధ్య గడపలో నిలబడి ఉంది. అక్కడి నుంచి ఇటు నేను కనిపిస్తాను, అటు వాడు కనిపిస్తాడు. మేం రోజూ కలిసి తిన్నా ఒకరు తింటుంటే ఒకరం చూసింది లేదు. మా ఇద్దర్నీ ఒక్కసారిగా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమె చేతిలో ఒక రొట్టె తునక ఉంది. ఎంతసేపటి నుంచి పట్టుకుందో తెలియదు, ఎండిపోయి అంచులు లేచాయి. పొద్దున మా ఇంట్లో ఆమె అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తినే వచ్చినాలేమ్మా. వాడు తినని ఇరవై రోజులూ ఆమె కూడా కడుపునిండా తిని ఉండదు.

నేనేమీ అడగలేదు. కొడుకును ఒకసారి చూసింది. నన్ను చూసింది. చెయ్యి మెల్లగా లేచింది. తునక నోట్లో పెట్టుకుంది.

సర్వీసులో ఇంకో పదకొండేళ్లు ఉన్నాను. చాలా కొండలు చూశాను, ఏ కొండ ఏదో ఇప్పుడు కలిసిపోయింది. సాయంత్రం ఐదుకు ఒంటరిగా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా కనిపించేది మాత్రం ఆ గడప, రెప్పల మీద పత్తి నూగు, నోటి దాకా లేచిన ఆ చెయ్యి.