పనసపొట్టు గుండిగ పెట్టిన చోటు

మొదటి రోజు ఉదయం ఆరింటికి క్లబ్బు హాల్లో ఉన్న వస్తువులు: టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటి, తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఆకుపచ్చ రంగు. నెట్టు ఒకటి, ఎడమవైపు క్లిప్పు పోతే కొబ్బరితాడుతో కట్టింది. బ్యాట్లు ఆరు, వాటిలో రబ్బరు సరిగ్గా ఉన్నవి రెండు. బంతులు నాలుగు. సీలింగు ఫ్యాన్లు రెండు, ఒకటి తిరగదు. మనుషులు: పిల్లలు తొమ్మిదిమంది, వాచ్‌మన్, పక్కగదిలో పేపరు చదువుకుంటున్న సెక్రటరీ గారు, నేను.

ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల బంతి పోయి నలభై మిల్లీమీటర్ల బంతి వచ్చిన కాలం అది. మా నాలుగు బంతులూ పాతవే. కాకినాడలో పాలిటెక్నిక్ చదివిన మూడేళ్లూ హాస్టల్లో టీటీ ఆడాను. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. అమలాపురంలో ఖాళీగా ఉన్నానని తెలిసి, వేసవి సెలవుల్లో పిల్లలకి నేర్పుతారా అని సెక్రటరీ గారే అడిగారు. హాలు మీదే అనుకోండి అన్నారు. ఆ మాట నేను నమ్మాను.

పిల్లలు బ్యాటుని అట్లకాడలా పట్టుకునేవారు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలని చెప్పాను. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు రెండోవైపు అడుగు అంచు వెంట, మిగతా మూడు వేళ్లు పిడి చుట్టూ. నిలబడే తీరు నేర్పడానికి చాలా మాటలు వృథా చేశాను. చివరికి, గోదావరి దాటేటప్పుడు పంటు మీద ఎలా నిలబడతారో చూపించండి అన్నాను. తొమ్మిదిమందీ కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు ముందుకు వాల్చి నిలబడ్డారు. ఒక్కరిని కూడా సరిచెయ్యక్కర్లేకపోయింది.

ఆ తర్వాత బ్యాటు మీద బంతి ఎగరేస్తూ హాలు చుట్టూ నడవడం. తర్వాత బంతి లేకుండా ఫోర్‌హ్యాండు: చెయ్యి నడుం దగ్గర మొదలై, సెల్యూట్ కొట్టినట్టు నుదుటి దగ్గర ఆగాలి. తర్వాత గోడ. ఆ తర్వాతే బల్ల.

ఆట జరిగేటప్పుడు ఫ్యాను వెయ్యకూడదు, బంతి గాలికి పక్కకి పోతుంది. ఈ సంగతి క్లబ్బు సభ్యులకి విడివిడిగా చెప్పాను. అందరూ ఆయ్ అన్నారు. ప్రతి ఉదయం ఎవరో ఒకరు లోపలికి తొంగి చూసి, పిల్లలు చెమటలు కారుస్తున్నారే పాపం అనుకుని, స్విచ్చి వేసి వెళ్లిపోయేవారు. మా ఊళ్లో ఆయ్ అంటే విన్నాను అని. చేస్తాను అని కాదు. ఆ వేసవి దాకా ఈ తేడా నన్ను బాధపెట్టలేదు.

ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదో తరగతిలోకి వెళ్లబోతున్న అమ్మాయి ఒకతి ఉండేది. తండ్రి కొబ్బరికాయలు ఒలిచే పని చేసేవారు. పనికి వెళ్తూ సైకిలు మీద దింపి వెళ్లేవారు. ఆ పిల్లకి చెప్పింది రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. తన క్లాసు పిల్లతో జోడీ కట్టించాను. మూడో వారానికి ఇద్దరూ ఫోర్‌హ్యాండు మూల నుంచి మూలకి, బంతి పోకుండా యాభై దాకా ఆడేవారు. నేను లెక్కపెడుతుంటే ఆ పిల్ల పెదాలు కూడా కదిలేవి.

సెలవులు ముగిసే ముందు ఆదివారం రాజోలు నుంచి ఒక పీఈటీ మాస్టారు వచ్చి, కాకినాడ క్యాంపుకి పిల్లల్ని ఎంపిక చేస్తారని తెలిసింది. పద్ధతి ముందే చెప్పి పంపారు. జోడీగా ఫోర్‌హ్యాండు, ముప్పై దెబ్బలు బంతి పోకుండా ఆడాలి. రెండు ఛాన్సులు. ఎంపిక జరిగేది మా హాల్లోనే, మా బల్ల మీదే. ఊళ్లో ఇంకో బల్ల కాలేజీలో ఉంది, సెలవులకి దానికి తాళం.

ఈ మాట చెప్పగానే ఆ పిల్ల తండ్రి సైకిలు స్టాండు వేసి నా దగ్గరికి వచ్చారు.

"సెలక్షనైతే కాకినాడ పంపుతానండి. మా ఇంట్లో వద్దంటన్నారు, అయినా పంపుతాను, నాదీ పూచీ. అవ్వకపోతే మాత్రం బడి తెరిచేలోపు మాన్పించేసి టైలరింగులో పెట్టేస్తావండి. ఏవనుకోకండి. ఆడపిల్ల, ఎన్నాళ్లని తిప్పుతానండి?"

పిల్ల సైకిలు పక్కనే నిలబడి వింటోంది. అవుతుంది అని ఆయనతో చెప్పాను. ఊరడించడానికి చెప్పలేదు. ముప్పై కావాలి, తను యాభై ఆడుతోంది. లెక్క అది.

ఎంపిక ఇంకా పది రోజులుందనగా ప్రెసిడెంటు గారి మనవరాలికి క్లబ్బులో ఓణీల ఫంక్షన్ జరిగింది. హాలు ఒకరోజు ఇవ్వాలన్నారు, సరే అన్నాను. హాలు వాళ్లది. మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి బల్ల ఉండాల్సిన చోట లేదు. పెరటి వైపు, భోజనాల షెడ్డు కింద ఉంది. నెట్టు విప్పి కిటికీకి వేలాడదీశారు. బల్ల మీద పసుపు మరకలు, అరటాకు ముక్కలు, ఇంగువ వాసన. పిల్లలూ నేనూ కలిసి మోసి లోపల పెట్టి తుడిచాం. తుడిచాక కనిపించింది. ఒక సగంలో, కుడి మూలకి దగ్గరగా, అడుగున్నర వ్యాసంతో గుండ్రటి మచ్చ. వేలితో తట్టాను. మిగతా చోట్ల గట్టి చప్పుడు, అక్కడ డొల్ల. ప్లైవుడ్ పొరలు వేడికి విడిపోయి, తడి లోపలికి దిగింది.

వాచ్‌మన్‌ని అడిగాను.

"పనసపొట్టు కూర గుండిగండి. పొయ్యి మీంచి దింపి తిన్నగా ఇక్కడే పెట్టేరండి. వడ్డించేవోళ్లకి ఎత్తు సరిపోయిందండి. మీరు రాలేదేంటండీ? కూర మా బాగా కుదిరిందండి."

బల్ల బాగుందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతి వదిలితే ఇరవై మూడు సెంటీమీటర్లు లేవాలి. స్కేలు నిలబెట్టి చూశాను. మిగతా బల్ల మీద కొంచెం అటూ ఇటూగా ఇరవై రెండు లేచింది. మచ్చ మీద తొమ్మిది. మళ్లీ వదిలాను. తొమ్మిదే. మచ్చ బల్ల మధ్యలో ఉన్నా, ఎడమ మూల ఉన్నా నాకింత మండేది కాదు. కుడిచేతి వాళ్లు ఫోర్‌హ్యాండు ఆడితే బంతి కుడి మూల నుంచి కుడి మూలకే పోతుంది. గుండిగ సరిగ్గా ఆ దారిలో పెట్టారు.

సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాను. స్కేలు చేతిలోనే ఉంది. ఆయన కుర్చీలోంచి లేచి మరీ విన్నారు. అయ్యయ్యో అన్నారు. మన పిల్లల ఆట కదండీ, రెండ్రోజుల్లో పైన కొత్త ప్లైవుడ్డు వేయించేద్దాం అన్నారు. కాఫీ తెప్పించారు. మూడో రోజు మళ్లీ వెళ్లాను. వడ్రంగికి కబురు పెట్టాను అన్నారు. మళ్లీ కాఫీ. ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్లాను. ఆయన మా నాన్నగారి క్షేమం అడిగారు, నా ఉద్యోగం గురించి నిజంగానే బాధపడ్డారు, ఫంక్షన్‌లో మిగిలిన పూతరేకులు పొట్లం కట్టించి ఇచ్చారు. బల్ల సంగతి చెప్పాను. ఆయ్, సెక్రటరీ గారితో మాట్లాడతానన్నారు. ఆ పొట్లం పట్టుకుని రోడ్డు మీదకి వచ్చాను. నన్ను ఎవరైనా తిట్టి పంపినా అంత కోపం వచ్చేది కాదు. తిడితే తిరిగి అరవచ్చు. కాదు పొమ్మంటే ఇంకో దారి వెతుక్కోవచ్చు. వీళ్లు కాదు అనరు. అవునని చెప్పి, చేతిలో ఏదో ఒకటి పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతారు. వాళ్ల బల్ల వాళ్లు పాడుచేసుకున్నారు, అది వాళ్ల హక్కు అనుకుందాం. మరి రెండ్రోజులు అని ఎందుకన్నారు? ఆ రెండ్రోజుల మాట లేకపోతే నేను కాలేజీ తాళం కోసం తిరిగేవాణ్ని.

మిగిలిన రోజులు మచ్చ చుట్టూ సుద్దతో గీత గీసి ఆడించాను. బంతి గీతకి ఇవతల, నెట్టుకి కాస్త దగ్గరగా పడాలి. దానికి చెయ్యి కొంచెం ముందే ఆపాలి. నేర్పిన దెబ్బని నేనే సగంలో తుంచి మళ్లీ నేర్పాను. ఆ పిల్లా, జోడీ ఇద్దరూ గీత చూసుకుంటూ నలభై దాకా రాగలిగారు. ముప్పైకి చాలు.

శనివారం సెక్రటరీ గారు దారిలో కనిపించి, "మీరేం కంగారు పడకండి. రేప్పొద్దున్నకి బల్ల తళతళలాడిపోద్దండి" అన్నారు. కొత్త ప్లైవుడ్డు వచ్చిందేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న తలుపు తీయగానే వాసన కొట్టింది. కొబ్బరినూనె. బల్ల నిజంగానే తళతళలాడుతోంది. బంతి వదిలితే పడ్డచోట లేవకుండా జారింది. బల్లకి తగిలిన వేళ్లతో బ్యాటు పట్టుకుంటే పిడి జారింది. సుద్దగీత లేదు. వాచ్‌మన్ ఒక మూల నిలబడి నా మొహం చూస్తున్నాడు, మెప్పు కోసం.

"సెక్రటరీ గారు చెప్పేరండి. గానుగ నూనె తెచ్చి రెండుసార్లు పట్టించేనండి. మా ఇంట్లో మంచాలకీ తలుపులకీ ఇదే పెడతావండి. కర్ర ఎంత పాతదైనా కొత్తదైపోద్దండి."

సెక్రటరీ గారు ఇస్త్రీ లాల్చీలో వచ్చారు. ఎలా ఉందండీ అన్నారు. నేను అరిచాను. ఏమని అరిచానో మాటలు పూర్తిగా గుర్తులేవు, బంతి లేవాలా జారాలా అని అడిగినట్టు గుర్తు. పక్కగదిలో పేకాట ఆగింది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. "కోప్పడకండి బాబూ. పొద్దున్నే వచ్చేరు, కాఫీ తాగేరా?" అన్నారు.

ఎంపిక ఎనిమిదింటికి. ఏం చెయ్యాలా అని నేను గుడ్డతో రుద్దుతుంటే నూనె ఇంకా పరుచుకుంది. అప్పుడు ఆ పిల్ల అంది: "సార్, ఆదివారం తలంటుకి మా అమ్మ ఒంటినిండా నూనె పెడతాదండి. సున్నిపిండి రుద్దితే పోద్ది కదండీ." ఎవరో నవ్వారు. నలుగురు ఇళ్లకి పరిగెత్తి, డబ్బాలతో సున్నిపిండి తెచ్చారు. బల్లంతా చల్లి, అరచేతులతో నలిచి, దులిపి, తడిగుడ్డ, పొడిగుడ్డ. ఎనిమిదయ్యేసరికి బంతి లేస్తోంది. మచ్చ మీద తప్ప. దాని చుట్టూ మళ్లీ సుద్దగీత గీశాను.

పీఈటీ మాస్టారు వచ్చి మొదట చూసింది ఆ గీతనే. బల్ల మీద గీతలు రూలు ఒప్పుకోదు, చెరిపెయ్యండి అన్నారు. నేను స్కేలు తెచ్చాను.

"రూలు ప్రకారం బంతి ఇరవై మూడు లేవాలండి. ఇక్కడ తొమ్మిది. ఇది రూలు ఒప్పుకుంటుందా అండి?"

ఆయన బంతి తీసుకుని తనే వదిలి చూశారు. తల ఊపారు.

"ఆయ్, మీరన్నది కరెక్టేనండి. కానీ బల్ల అందరికీ ఒకటే కదండీ."

అక్కడ బంతి పడితే ఆ ఛాన్సు మళ్లీ ఇవ్వమన్నాను. అలా మొదలెడితే పొద్దుపోతుందన్నారు, నవ్వుతూనే. గుడ్డతో ఆయనే గీత తుడిచారు. రంగు వెలిసిన మచ్చ కూడా రుద్దుడికి సగం కలిసిపోయింది. దగ్గరగా ఉన్న నాకు కనిపిస్తోంది. అవతలి చివర నుంచి ఆడే పిల్లకి కనిపించదు.

మిగతా పిల్లలు ఎవరూ పన్నెండు దాటలేదు. వాళ్ల సంగతి నాకు ముందే తెలుసు, వాళ్లకింకా టైం పడుతుంది. ఆఖర్న ఆ పిల్లా, జోడీ. మచ్చ ఉన్న వైపు జోడీ నిలబడింది, ఆ పిల్ల అవతలివైపు. మొదటి ఛాన్సు ఆరుకే పోయింది, నిటారుగా నిలబడి ఆడింది. పంటు, అని మాత్రం అన్నాను. మోకాళ్లు వంచింది.

రెండో ఛాన్సు. పీఈటీ మాస్టారు పైకే లెక్కపెడుతున్నారు. గుమ్మం దగ్గర ఆ పిల్ల తండ్రి కూడా, కాయలు లెక్కపెట్టే గొంతుతో, నెమ్మదిగా. పదిహేను. ఇరవై. చెయ్యి నడుం దగ్గర మొదలవుతోంది, నుదుటి దగ్గర ఆగుతోంది. గీత లేదు గనక తుంచిన దెబ్బ మర్చిపోయి, మొదట్లో నేర్పినట్టు పూర్తిగా కొడుతోంది. ఇరవై అయిదు. ఇరవై ఆరు. ఆ దెబ్బలో తప్పు ఇవాళ్టికీ నాకు కనిపించదు. బంతి నెట్టు మీద జానెడెత్తులో దాటి, కుడి మూలకి దగ్గరగా పడింది. పడి, లేవలేదు. జోడీ బ్యాటు సరైన ఎత్తులో గాలిని కొట్టింది.

ఇరవై ఏడు, అన్నారు పీఈటీ మాస్టారు. రాసుకున్నారు. బాగా ఆడేరమ్మా, వచ్చే ఏడాది తప్పకుండా అన్నారు. తండ్రి నాకు నమస్కారం పెట్టారు. మీరు చాలా కష్టపడ్డారండి అన్నారు. పిల్ల బ్యాటు తుడిచి, బల్ల మీద బోర్లించి పెట్టి, సైకిలెక్కింది. సెక్రటరీ గారు అందరికీ ఉప్మా ఏర్పాటు చేశారు. నేను తినలేదు. నాకు తినమని నాలుగుసార్లు చెప్పారు.

బడి తెరిచాక మిగతా పిల్లలు సాయంత్రాలు వచ్చారు. ఆ పిల్ల రాలేదు. వాళ్ల నాన్న ఒకసారి కాలవగట్టు మీద ఎదురయ్యారు. జాకెట్లు కుట్టడం వచ్చేసిందండి, దాని చెయ్యి మంచిదంటన్నారండి అన్నారు. ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు. ఆయ్ అన్నాను. నా నోట్లోంచి ఆ మాట విని నాకే ఒళ్లు మండింది.

దసరాకి క్లబ్బు సభ్యులు వాళ్లలో వాళ్లు టోర్నమెంటు పెట్టుకున్నారు. దానికి వారం ముందు వడ్రంగి వచ్చి, పాత పలక తీసేసి, కొత్త ప్లైవుడ్డు వేసి రంగు కొట్టాడు. పని ఒక్క పూటలో అయిపోయింది. రంగు ఆరాక సెక్రటరీ గారు నన్ను పిలిచి, మీరొకసారి చూసి చెప్పండి, మీకైతే తెలుస్తుంది అన్నారు. స్కేలు నిలబెట్టి, గుండిగ పెట్టిన చోట ముప్పై సెంటీమీటర్ల నుంచి బంతి వదిలాను.

ఇరవై మూడు సెంటీమీటర్లు.