చిక్కుపడే దారం

నా చేపల రీలు బొటనవేలితో నడిచేది. గాలం విసిరినప్పుడు దారం చుట్టిన కండె గిర్రున తిరుగుతుంది. దాని మీద బొటనవేలు ఆనించి, ఎక్కడ వదలాలో ఎక్కడ నొక్కాలో చూసుకోవాలి. వేలు కాస్త ఏమరితే కండె దారం కంటే ముందు తిరిగిపోతుంది, దారమంతా పిచ్చుకగూడులా ఉబ్బి కూర్చుంటుంది. నేనేమో పుట్టుకతోనే పరధ్యానం మనిషిని. ఆదోనిలో పత్తి మిల్లు తూకం దగ్గర కూర్చుని, గాలిలో తేలే దూదిపింజలను చూస్తూ, లారీ వచ్చి ముందు నిలబడినా పట్టించుకోని రోజులు బోలెడు. అలాంటివాడికి ఈ రీలు ఎందుకయ్యా అంటే, ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సులో ఫోనులో వీడియోలు చూసి మనసు పడ్డాను, అంతే.

దీనికి వేసేది మామూలు నైలాను తీగ కాదు. సన్నటి పోగులను నాలుగు పేటలుగానో ఎనిమిది పేటలుగానో జడ అల్లినట్టు అల్లిన దారం. మాది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. నాన్న పోయాక మగ్గం అమ్మేసి, మగ్గం గుంత పూడ్చి బండలు పరిచాం గానీ బుద్ధులు ఎక్కడికి పోతాయి? మా వీధిలో దారం ఎంత సన్నమైతే అంత గొప్ప. సన్న నూలు నేసేవాడికి ఉన్న మర్యాద ముతక దుప్పట్లు నేసేవాడికి ఉండేది కాదు. అందుకని అంగట్లో ఉన్నవాటిలోకెల్లా సన్నటి దారం ఏరి తెచ్చుకున్నాను. వెంట్రుకంత సన్నం, మళ్లీ ఉక్కంత గట్టి. వేళ్ల మధ్య రుద్దుకుంటూ బస్సులో మురిసిపోయాను.

ఆ ఎండాకాలమే అమ్మకు పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది, మాట ఎప్పటిలాగే పదునుగా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. కొన్ని నెలలపాటు రోజూ పని చెబితే వస్తుందని, లేకపోతే అలాగే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. పిసకమని ఆసుపత్రిలో మెత్తటి రబ్బరు బంతి ఇచ్చారు. అమ్మ దాన్ని పక్కింటి వాకిట్లోకి విసిరేసింది, ఎడమచేత్తో.

"నేనేమన్నా పాలు తాగే పిల్లనా, బంతితో ఆడుకునేకి?" అంది.

నాన్న నేసినన్నాళ్లూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన చెయ్యి అది. ఇప్పుడు దాన్ని కొంగు కింద దాచుకునేది. నా చెయ్యి అనడం మానేసింది. "అది" అనేది. "దాని మీద దుప్పటి కప్పు", "దాన్ని పక్కకు జరుపు", అంతే. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది, ఎడమచేత్తో తినడం ఎవరూ చూడకూడదని. నాకు కనిపించేది ఆమె వీపు, కదిలే మోచెయ్యి. ఆ వీపును చూస్తూ ముద్ద మింగడం నాకు చేతనయ్యేది కాదు. భయమేసేది. ఈమె ఇలాగే గోడవైపు తిరిగి ఉండిపోతుందేమో అనిపించేది.

ఆదివారాలు మాధవరం పోయేవాణ్ని. అక్కడ తుంగభద్ర వానలు రాకముందు రాళ్ల మధ్య మడుగులు మడుగులుగా నిలిచి ఉంటుంది. అవతలి ఒడ్డు నుంచి కన్నడంలో ఎవరో ఎవరినో పిలుస్తారు. ఎండకు నీళ్లు మెరుస్తుంటే కళ్లు మూతలు పడతాయి, నేను ఒడ్డున ఉన్నానో నీళ్లలో ఉన్నానో తెలియదు. మా ఇంట్లో నీచు వండరు. పట్టిన చేపను ఒడ్డున ఎవరు అడిగితే వాళ్లకిచ్చి వస్తాను. తినేది లేదు, అమ్మేది లేదు, మరి దేనికిరా అని అమ్మ ఎగతాళి చేసేది. నాచు కింద కొరమీను కదలగానే నీళ్ల మీద పడే ఆ చిన్న ముడత కోసమని ఆమెకు ఎలా చెప్పను?

సన్నదారం వేసుకుని పోయిన మొదటి ఆదివారం ఎదురుగాలి. ఎరగా కట్టిన రబ్బరు కప్పను విసిరాను. అది గాలిలో ఆగిపోయింది. రీలులో కండె ఆగలేదు. దారం పొంగి, ఒకదాంట్లో ఒకటి దూరి, కొస దొరకని ముద్దయింది. లాగినకొద్దీ బిగిసింది. ఇంటికొచ్చి బండల మీద కూర్చుని కత్తెర తీశాను.

"కత్తెర కింద పెట్టు" అంది అమ్మ మంచం మీది నుంచి. "దారం మీద కత్తెర ఏసేది ఈ ఇంట్లో ఎప్పుడన్నా సూసినావా? ఇట్ల నా ఒళ్లో ఏయి."

వేశాను. ఆమె ఎడమచేత్తో ఒక పోగు పైకెత్తి చూసింది. తర్వాత, నేను చూస్తుండగానే, ఎడమచేత్తో కుడిచేతిని కొంగు కింది నుంచి తీసి, ముద్ద కదలకుండా దాని మీద బరువు పెట్టింది. రాయి పెట్టినట్టే పెట్టింది. అయినా అది వెలుతురులోకి రావడం ఎన్నాళ్లకో. దీపాలు పెట్టే వేళకు చిక్కు సగం విడిపోయింది. బుధవారానికి పూర్తిగా విడిపోయింది. అప్పటికి ఆ రాయి లాంటి చేతిలో బొటనవేలు పోగు మీదికి కాస్త వాలుతోంది. ఆమె దాన్ని చూసుకోలేదు. నేను చూశాను, చూడనట్టు నటించాను.

"గంజి పెట్టకుండా దారం ఎట్ల మాట ఇంటాదప్పా?" అని సలహా కూడా ఇచ్చింది.

నేనూ నేతింటి బిడ్డనే కదా, నిజమే అనుకున్నాను. మగ్గానికి ఎక్కించే పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టినట్టు, చేపల దారానికి బియ్యం గంజి పెట్టి పెరట్లో రెండు గుంజల మధ్య ఆరేశాను. ఆరాక బిరుసుగా, అందంగా నిలబడింది. మాధవరంలో నీళ్లలో పడగానే గంజి తెల్లగా విచ్చుకుంది, దాని చుట్టూ చిట్టిచేపలన్నీ విందుకు చేరాయి. కొరమీను తప్ప అందరూ వచ్చారు. ఆ సంగతి చెబితే అమ్మ చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. ఆ వారమూ చిక్కే తెచ్చాను.

ఆదోని బజారులో తాళ్లు, టార్పాలిన్లు, వలలు అమ్మే అంగడి ఒకటుంది. ఈమధ్య రీళ్లు కూడా పెట్టారు. అంగడాయన నా వయసువాడే, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని తిరుగుతాడు. నా రీలు చూసి తల కొట్టుకున్నాడు.

"అన్నా, ఇంత బారీక్ దారం దీనికి బిల్కుల్ పనికిరాదు. చేప లాగినప్పుడు ఇది కింది వరసల్లోకి దిగబడతాది. మల్ల ఇసిరితే ఆడనే పట్టుకుంటాది. లావుది తీసుకోండి, ఎనిమిది పేటలది. నున్నగా ఉంటాది, సప్పుడు లేకుండా పోతాది. ముందు కండె మీద కొంచెం నైలాను చుట్టుకోండి, లేకుంటే జారుతాది. సుట్టేటప్పుడు మాత్రం బిగువుగా పట్టుకోవల్ల, వదులుంటే మల్ల ఇదే కత."

ఆయన చెప్పినట్టే చేశాను. దారపుండను తువ్వాల్లో చుట్టి కాళ్ల మధ్య నొక్కిపట్టుకుని, రీలు తిప్పుకుంటూ బిగువుగా ఎక్కించాను. ఆ ఆదివారం నా జీవితంలో మంచి ఆదివారాల్లో ఒకటి. దారం చేతిలోంచి పోతున్నట్టే అనిపించలేదు. రబ్బరు కప్ప వెళ్లి నాచు అంచున చినుకంత చప్పుడుతో వాలేది. బొటనవేలికి తన పని తనకే తెలిసినట్టుంది, నేను మధ్యలో లేను. పొద్దెక్కింది, పొద్దు వాలింది, నాకు గుర్తు లేదు. రెండు కొరమీన్లు పడ్డాయి. ఒకటి గొర్రెలు తోలుకొచ్చినాయనకిచ్చాను, ఒకటి వదిలేశాను. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికే నవ్వుకున్నాను.

అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. మోకాళ్ల మీద తెల్లగుడ్డ పరుచుకుంది, పోగులు బాగా కనబడతాయని. కుడిచెయ్యి ఆ గుడ్డ మీద బయటే ఉంది.

"చిక్కు యాడ?" అంది.

"ఈరోజు పడలేదుమా. మంచి దారం దొరికింది."

"ఔనా, మంచిదైంది" అంది.

తర్వాత గుడ్డ మడిచింది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కొంగు కిందికి తోసింది. అన్నం పెట్టుకుని గోడవైపు తిరిగింది. పొద్దుటి నుంచి నేను పట్టిన రెండు చేపలూ, నా నవ్వూ, అన్నీ ఆ వీపు ముందు చేదైపోయాయి.

మర్నాడు మిల్లుకు పోకముందే అంగడికి పోయాను.

"చిక్కుపడే దారం కావాలన్నా" అన్నాను.

ఆయన కళ్లద్దాలు కిందికి దించుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మొన్న ఇచ్చింది నచ్చలేదా?"

"చాలా నచ్చింది. అదే వచ్చిన బాధ."

తమాషా చేస్తున్నాననుకుని మొహం మాడ్చుకున్నాడు. అప్పుడు అమ్మ సంగతి చెప్పాను. కొంగు కింద చెయ్యి, గోడ, తెల్లగుడ్డ, బొటనవేలు వాలడం, అన్నీ. ఆయన లోపలికి పోయి దారపుండలన్నీ తెచ్చి గల్లా మీద పోశాడు. ఇద్దరం కూర్చున్నాం. మామూలుగా జనం చూసే గుణాలన్నీ మేం తిరగేసి చూశాం.

"ఇది వద్దన్నా, మరీ సన్నం, అమ్మ వేలు కోస్తాది" అన్నాడు ఒకదాన్ని పక్కకు పెట్టి. "ఇది ఎనిమిది పేటలది, నున్నగా ఉంది, మొద్దుబారిన వేలికి తెలవదు. నాలుగు పేటలది సూడండి, గరుకుగా తగులుతాది. పట్టుకున్నట్టు ఆమెకు తెలవల్ల కదా."

"రంగు?"

"పచ్చది నీళ్లలో చేపకు కనపడదు. మనకేమో అమ్మకు కనపడల్ల. పసుపుది తీసుకోండి."

నాలుగు పేటల పసుపు దారం. సన్నమూ కాదు, లావూ కాదు. చిక్కుపడుతుంది, ఓపిగ్గా చూస్తే విడుతుంది. నా జన్మలో అంత శ్రద్ధగా దేన్నీ ఎంచుకోలేదు. దాన్ని కండెకు వదులుగా, కావాలనే వదులుగా చుట్టాను.

ఆ తర్వాత నెలలన్నీ నాకు కలలాగానే గుర్తున్నాయి. వానలొచ్చాయి, నది ఎర్రబడి పెరిగింది, మళ్లీ తేటబడింది. ప్రతి ఆదివారం పసుపు దారం గాల్లోకి లేచేది, సగంలో ఆగేది. ఒడ్డున గొర్రెలాయన నన్ను చూసి జాలిపడేవాడు. "మీకు ఇసిరేది ఇంగా రాలేదే సారూ" అనేవాడు. రాలేదన్నా అనేవాణ్ని. గాలి లేని రోజుల్లో చిక్కు పడేది కాదు. అప్పుడు ఓ బండ చాటున కూర్చుని, నీళ్లను చూస్తూ, నా వేళ్లతోనే దారాన్ని ముడులు పడకుండా చిక్కుపెట్టేవాణ్ని. ఎదురుగా కొరమీను నీళ్లు కదిలించి పోయేది. పోనీలే అనుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే ఒక్కోసారి ఏడుపొచ్చేది, ఆ నున్నటి దారం మీద అంత ఆశ ఉండేది.

ఇంట్లో తెల్లగుడ్డ మీద పసుపు పోగులు విడిపోతూ ఉండేవి. కుడిచెయ్యి రాయిలా ఉండటం మానేసింది. ముందు బొటనవేలు నొక్కింది. తర్వాత చూపుడువేలు దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. రెండూ కలిసి ఒక పోగును పట్టుకుని, జారవిడిచి, మళ్లీ పట్టుకున్నాయి. అమ్మ తిట్టుకుంటూ ఉండేది, నన్నో దారాన్నో ఆ చేతినో తెలియదు.

చలి మొదలైన ఒక ఆదివారం మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. మాధవరంలో ఆకు కదలడం లేదు. చిక్కును ఆమె ఒళ్లో వేశాను. అమ్మ దాన్ని కాసేపు చూసింది. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి విడదీసేసింది. అంతటితో ఆగలేదు.

"రీలు తిప్పు" అంది.

నేను తిప్పుతుంటే పసుపు దారాన్ని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వదిలింది. ఎక్కడా వదులు లేకుండా, ఎక్కడా తెగేంత లాగకుండా. రాట్నం ముందు కూర్చున్నప్పటి చెయ్యి. చివరిదాకా వచ్చాక దారం కొసను నాకిచ్చింది.

"ఇంగ సాలు. వచ్చే వారం ఆ మంచి దారం ఎక్కించుకో. పోయి చేపలు పట్టుకో."

తెలియనట్టు మొహం పెట్టబోయాను.

"గాలికి పడిన చిక్కు ఒక మాదిరి ఉంటాది. చేత్తో ఏసిన చిక్కు ఒక మాదిరి ఉంటాది" అంది అమ్మ. "నువ్వు ముడి పడకుండా ఏస్తాండావు, పాపం."

"ఎప్పట్నించి తెలుసుమా?"

"శ్రావణంలోనే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"సెప్తే నువ్వు మానుకుంటావు. నా చెయ్యికి పని కావల్ల కదా."

ఆ మాట అనేసి, తానేమందో గమనించకుండానే లేచి వంటింట్లోకి పోయింది. ఇద్దరికీ అన్నం పెట్టుకొచ్చింది. నాకెదురుగా, మగ్గం గుంత పూడ్చిన బండల మీద కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం కలిపింది. మెతుకులు వేళ్ల సందుల్లోంచి ఒళ్లోకి రాలాయి. దులుపుకోలేదు. ముద్ద నోటిదాకా వచ్చేవరకు నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

"నా మొగం సూస్తావేందిరా, తిను" అంది.