బళ్ళు విప్పుకునే చోటు

నేను కాపురానికి వచ్చేనాటికి ద్వారకా తిరుమల కొండ కింద మా మామగారికి కొబ్బరికాయల కొట్టు ఉండేది. కొట్టు కంటే ఆయనకు కొండ మీదికి వెళ్ళే కాలిబాట మీదే ధ్యాస. వాన వెలిసిందంటే పార పట్టుకుని వెళ్ళి, నీళ్ళు బాటను కోసెయ్యకుండా పక్కకు మళ్ళించేవారు. బాట మొదట్లో ఖాళీ స్థలంలో యాత్రికులు బళ్ళు విప్పుకునేవారు. అక్కడ ఎవరైనా పాక వెయ్యబోతే మామగారే బతిమాలి ఆపేవారు.

పందొమ్మిది వందల ముప్పైల్లో ఒక ఏడాది, వ్యాపారం దెబ్బతిన్న మా అత్తగారి తమ్ముడు ఏలూరు నుంచి పిల్లలతో వచ్చేశారు. ఆ స్థలం అంచున చిన్న కొట్టు వేసుకుంటానంటే మామగారు కాదనలేకపోయారు. ఆ తర్వాత ఇంకెవరినీ ఆపడానికి ఆయనకు నోరు రాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి స్థలమంతా పాకలే.

కల్యాణోత్సవానికి దెందులూరు నుంచి వచ్చిన ఒక రైతు చోటు లేక బండిని వాలులోనే విప్పాడు. ఎద్దు కాలు జారి పడి, మళ్ళీ లేవలేదు.

“ఎప్పుడూ ఇక్కడే విప్పుకునేవాళ్ళం కదండీ?” అని ఆ రైతు మామగారిని అడిగాడు.

ఆ సాయంత్రమే మామగారు బావమరిది దగ్గరికి వెళ్ళి, “ఆ కొట్టు తీసెయ్యవయ్యా, నా కొట్టులో సగం నువ్వు తీసుకో,” అన్నారు.

“అందరూ తీస్తే నేనూ తీస్తానండీ బావగారూ,” అన్నారాయన మెల్లగా.

ఎవరూ తియ్యలేదు. మరుసటి ఏడు బళ్ళు ఊరి బయటే ఆగిపోయాయి. ముసలివాళ్ళు అక్కడినుంచి ఎండలో నడిచి వస్తుంటే, మామగారు దారి పక్కన మంచినీళ్ళ కుండ పెట్టుకుని కూర్చునేవారు. నీళ్ళు తాగి ఎవరైనా దండం పెట్టబోతే, “నాకెందుకమ్మా,” అని ముఖం తిప్పుకునేవారు.